అరువిచ్చిన ఐదుగురు

సొలాంజ్ దుప్రాకు కోపమొస్తే ముందు బాతులకు తెలుస్తుంది. మేత తొట్టెలు మామూలుకంటే గట్టిగా నేలకు తగులుతాయి. బాతులు గోల పెడతాయి. ఆ గోల విని కింద రోడ్డు మీద పోయేవాళ్ళు "ఇవాళ ఎవరికో మూడింది" అనుకుంటారు. ఏప్రిల్ నెలలో ఆ సోమవారం పొద్దున బాతుల గోల చర్చి దాకా వినిపించింది. మూడింది ఎవరికో కాదు, కస్తెల్బజాన్ ఊరికే అని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆదివారం దాకా రగ్బీ పట్టికలో నాలుగో స్థానంలో ఉన్న ఊరు తెల్లారేసరికి ఐదో స్థానంలో ఉంది. మధ్యలో ఎవరూ ఆట ఆడలేదు.

నాలుగుకూ ఐదుకూ తేడా ఏముంది, ఒక్క మెట్టేగా అనేవాళ్ళుంటారు. వాళ్ళు సొలాంజ్ ముందు ఆ మాట అనకుండా ఉంటే మంచిది.

ఆమె పుట్టింది మైదానం వెనక ఇంట్లో. తండ్రి ఆదివారం పొద్దున్నే సున్నపు డబ్బా పట్టుకుని గీతలు గీస్తుంటే వెనకే నడిచి, గీత వంకర పోయిందని ఆయన్నే దెప్పిన పిల్ల. పెళ్ళాడింది రొజేని. అతను స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ తలలు ఆనించి నెట్టుకునే గుంపులో, ముందు వరస మనిషి. అవతలి వాళ్ళ తలల మధ్య నలిగి నలిగి చెవులు రెండూ ఉడికిన క్యాబేజీలా అయ్యాక ఆట మానేసి, జట్టు బస్సు నడపడం మొదలుపెట్టాడు. పిల్లలు పెద్దవాళ్ళై బాతుల పని చేతికందుకున్నాక సొలాంజ్ జట్టుకు మేనేజరైంది. ఆ చుట్టుపక్కల అప్పటికి ఆడమేనేజరు లేదు. మొదటి ఆట నాడు రిఫరీ ఆమెను చూసి, "వంటగది అటండీ" అని చెయ్యి చూపించాడు.

"తెలుసు. దాని గోడలకు సున్నం వేసింది నేనే," అంది సొలాంజ్. "ముందు మా వాళ్ళ బూట్ల మేకులు సరిగా ఉన్నాయో లేదో చూసి రా, అది నీ పని. ఆ తరవాత నీకు సూప్ పోస్తాను."

నిజానికి వంటగది కూడా ఆమెదే. మా వైపు ఆట అయ్యాక వచ్చిన జట్టుకు ఇంటి జట్టు భోజనం పెట్టి పంపాలి. గెలిచినా పెట్టాలి, ఓడినా పెట్టాలి, ముక్కులు పగలగొట్టుకున్నా పెట్టాలి. క్యాబేజీ, చిక్కుడు గింజలు, బాతు మాంసం వేసి పొద్దుటి నుంచీ ఉడికించే గర్బ్యూర్ సూప్‌ని సొలాంజ్ చేసినట్టు ఆ లోయలో ఇంకెవరూ చెయ్యరని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. అవతలి ఊరి వాళ్ళు అన్నీ కడుపునిండా తిని, కాస్త అర్మన్యాక్ బ్రాందీ పుచ్చుకుని, రిఫరీని అందరూ కలిసి తిట్టాకే బస్సు కదులుతుంది. మా లెక్కలో ఆట ముగిసేది అప్పుడు.

ఇన్నేళ్ళలో ఆమె చూడనిది ఒక్కటే. తమ మైదానంలో ప్లేఆఫ్. కస్తెల్బజాన్ ఎప్పుడూ చివరి స్థానాల్లోనే ఈదులాడేది. ఒకటి రెండుసార్లు ప్లేఆఫ్‌కు వెళ్ళినా ఆరో స్థానంలో వెళ్ళి, పరాయి ఊళ్ళో తన్నులు తిని వచ్చేది. ఈ ఏడాది మాత్రం కుర్రాళ్ళు కుదిరారు. పండగలకు కూడా రాని మనవలు ఆదివారం ఆటకు వస్తున్నారు. మార్చి ఆఖరుకు జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మీద కూర్చోవాలంటే పక్కవాడి ఒళ్ళో కూర్చోవాల్సిన ఆ చిన్న గ్యాలరీకి సొలాంజ్ రంగు వేయించింది.

రొజేకి మాత్రం ఈ ప్లేఆఫ్ లెక్క ఎప్పుడూ ఎక్కదు. ఓ సాయంత్రం ఆమె భోజనాల బల్ల మీద అక్రోట్ కాయలు వరసగా పేర్చింది.

"ఇదిగో చూడు. పది ఊళ్ళు. ఆరు మిగిలాయి. మొదటి రెండూ తిన్నగా సెమీఫైనల్‌కి పోతాయి, వాటి జోలికి పోకు. మూడుకూ ఆరుకూ ఆట. నాలుగుకూ ఐదుకూ ఆట. పైన ఉన్నవాళ్ళ ఊళ్ళో ఆడాలి. ఓడితే ఇంటికి."

"అంటే మనం నాలుగైతే ఐదోవాడు మన గుమ్మం ఎక్కాలి."

"ఎక్కాలి. మన వాలు మైదానంలో పరిగెత్తాలి. మన వాళ్ళ అరుపులు వినాలి. నా సూప్ తాగాలి."

"ఐదోవాడెవడు?"

"మిర్సాక్."

"మరి రెండు జట్లూ సమానంగా కొడితే?"

"అదనపు సమయం ఆడిస్తారు. అప్పుడూ తేలకపోతే ఎవరెక్కువ ట్రైలు వేశారో చూస్తారు. అదీ సమానమైతే పట్టికలో పైనున్నవాడు గెలిచినట్టు."

రొజే ఒక కాయ పగలగొట్టి నోట్లో వేసుకున్నాడు. అది నాలుగో కాయ. "కస్తెల్బజాన్‌ని మింగేశావు కదయ్యా," అంది సొలాంజ్, నవ్వుతూ. తరవాత ఆ మాట తలుచుకుని చాలాసార్లు పళ్ళు నూరుకుంది.

అసలు మింగింది వేరేవాళ్ళు. ఆ సంగతి చెప్పాలంటే నవంబరులో ఒక వాన ఆదివారానికి పోవాలి.

ఆ రోజు పుయ్‌లార్ జట్టు రావాలి. వెల్లుల్లి పండించే చిన్న ఊరు, ఎప్పుడూ పట్టికలో అట్టడుగున ఉంటుంది. రెండు వ్యాన్లలో బయల్దేరితే ఒకటి దారిలో చెడిపోయింది. జట్టుకు పదిహేనుమంది కావాలి, వచ్చింది పదిమంది. పదకొండు మంది లేకపోతే ఆట మొదలుపెట్టకూడదు. వాళ్ళ అధ్యక్షుడు యూగ్ దెలాస్ వానలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆడలేమమ్మా. ఐదు పాయింట్లూ మీరే తీసుకోండి. పిల్లలు మాత్రం చాలా బాధపడుతున్నారు."

ఆడకుండానే ఐదు పాయింట్లు. గెలిచినందుకు నాలుగు, బోలెడు ట్రైలు వేసినట్టు లెక్కగట్టి ఇంకొకటి. ఊరికే ఒళ్ళో వచ్చి పడతాయి. సొలాంజ్ ఒక్కసారి వ్యాను దిగిన కుర్రాళ్ళను చూసింది. బూట్లు కట్టుకుని ఉన్నారు. వంటగదిలో సూప్ ఉడుకుతోంది.

"ఇంత దూరం వచ్చి ఆడకుండా పోవడమేంటి యూగ్? ఐదుగురు మావాళ్ళను తీసుకో. జెర్సీలున్నాయా?"

ఇందులో వింతేమీ లేదు. మా తాతల కాలం నుంచీ తక్కువపడ్డ జట్టుకు ఎదుటి జట్టు మనుషుల్నివ్వడం ఉన్నదే. పక్కింటి వాళ్ళకు నిచ్చెన ఇచ్చినట్టు ఇస్తారు. రిఫరీ కూడా మా ప్రాంతం మనిషే. ఆయన భుజాలెగరేసి ఈల ఊదాడు. అరువు వెళ్ళిన ఐదుగురిలో పియెరిక్ అనే బేకరీ కుర్రాడు పుయ్‌లార్ పసుపు జెర్సీ వేసుకుని, సొంత ఊరి గీత దాటి బంతిని నేలకు ఆనించి, సొంతవాళ్ళ మీదే ట్రై వేసి కూర్చున్నాడు. మైదానం చుట్టూ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కస్తెల్బజాన్ ఎలాగూ చిత్తుగా గెలిచింది. ఐదు పాయింట్లూ వచ్చాయి. ఆ రాత్రి పుయ్‌లార్ వాళ్ళు వెళుతూ వంటగది గుమ్మానికి వెల్లుల్లి జడ ఒకటి కట్టి వెళ్ళారు. పియెరిక్ చలికాలమంతా రొట్టెలు అమ్ముతుంటే "ఏరా, ఇవాళ ఎవరి వైపు?" అని అడగని ముసలమ్మ లేదు.

ఆ కథను జనవరిలో మిర్సాక్ జట్టు ఆడటానికి వచ్చినప్పుడు చెప్పింది సొలాంజే. తన బల్ల దగ్గర, తన నోటితో చెప్పింది. మిర్సాక్ క్లబ్బు అధ్యక్షుడు బెర్త్రాన్ కొదెర్క్ రెండోసారి బాతు తొడ వేయించుకుంటూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. "పేరేంటన్నారు ఆ కుర్రాడిది? పియెరిక్? భలే భలే," అన్నాడు. ఎంచక్కా మూతి తుడుచుకున్నాడు. నవ్విన మనిషి ఇంటికెళ్ళి ఊరుకున్నాడు. మార్చి ఆఖరున పట్టిక చూసుకుని, తాము ఐదో స్థానంలో, కస్తెల్బజాన్ నాలుగో స్థానంలో ఉన్నారని తెలిశాక అప్పుడు ఆ కథ గుర్తొచ్చింది. పరాయి క్లబ్బు ఆటగాళ్ళతో ఆడిన ఆట చెల్లదని ప్రాంతీయ కమిటీకి ఫిర్యాదు చేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కాకపోతే మరేంటో చెప్పండి.

కమిటీ ఆ ఆటను కొట్టేసింది. రెండు ఊళ్ళకూ సున్నా. పుయ్‌లార్‌కు పోయేదేముంది, వాళ్ళకెలాగూ సున్నాయే. కస్తెల్బజాన్‌కు ఐదు పాయింట్లు పోయాయి. మిర్సాక్ నాలుగో మెట్టెక్కింది.

సొలాంజ్ పట్నం వెళ్ళి కమిటీ ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. బల్ల వెనక ముగ్గురున్నారు, మధ్యలో ఉన్నాయన ఓపిగ్గా చేతులు కట్టుకున్నాడు.

"నియమం నియమమే మేడమ్."

"ఒక్కటి అడుగుతాను చెప్పండి. పదిమందే వచ్చారని వాళ్ళను వానలోనే వెనక్కి పంపేసి ఉంటే మాకు ఐదు పాయింట్లు ఇచ్చేవాళ్ళా?"

"ఇచ్చేవాళ్ళం."

"ఎన్ని ట్రైలు వేసినందుకు?"

"ఏమీ వెయ్యక్కర్లేదు. అది నియమం."

"ఐదుగురిని ఇచ్చి, బురదలో ఆట మొత్తం ఆడి, గెలిచి, వాళ్ళకు భోజనం పెట్టి పంపితే?"

ఆయన పక్కవాళ్ళ వంక చూశాడు. "సున్నా."

"ఈ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడైనా పైకి చదువుకున్నారా మీరు?"

మధ్యలో ఉన్నాయన చెడ్డవాడేం కాదు. మీ బాధ అర్థమైంది అన్నాడు. మా వైపు అర్థమైంది అంటే ఇక తలుపు అటు ఉందని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులు ముగ్గురు.

ఇంటికొస్తే ఊరు ఊరుకుంటుందా? కెప్టెన్ ఫాబియాన్ తాపీపని చేసే మనిషి, మాట కూడా గోడకేసి కొట్టినట్టే ఉంటుంది.

"నీ మంచితనం మా కొంప ముంచిందత్తా. ఆ రోజు నోరు మూసుకుని ఐదు పాయింట్లు తీసుకునుంటే అయిపోయేది. ఇచ్చావే అనుకో, ఇచ్చి ఊరుకోవాలి గానీ, వాడికే చెప్పాలా, బాతు తొడ వడ్డించి మరీ?"

సొలాంజ్ మేత తొట్టె ఎత్తుకుని బాతుల దగ్గరికి పోయింది. మంచికి పోతే చెడెదురైందని వాపోవడానికైనా ఎదుటివాడు జాలిపడాలి కదా. గ్యాలరీకి వేసిన కొత్త రంగును చూస్తే ఒళ్ళు మండేది. ఆ రాత్రి రొజేతో అంది:

"అయిపోయింది. ఇక ఎవడు ఎంతమందితో వచ్చినా సరే, నా దగ్గర్నుంచి ఒక్క మేజోడు కూడా పోదు."

రొజే దీపం ఆర్పాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఎప్పుడు ఊరుకోవాలో నేర్చుకున్నాడు.

ప్లేఆఫ్ ఆదివారం మిర్సాక్ మైదానంలో బస్సు దిగేసరికి సొలాంజ్‌కు ముందు వాసన తగిలింది. వెల్లుల్లి, క్యాబేజీ, బాతు కొవ్వు. బళ్ళు నిలిపే చోట, వెడల్పాకుల ప్లేన్ చెట్ల కింద రెండు పెద్ద గుండిగలు పొయ్యిల మీద ఉడుకుతున్నాయి. పక్కన రెండు వ్యాన్లు ఉన్నాయి. యూగ్ దెలాస్ టోపీ పెట్టుకుని గరిటె తిప్పుతున్నాడు. పుయ్‌లార్ ఊరు సగం అక్కడే ఉంది. ఈసారి రెండో వ్యాను కూడా చెడిపోకుండా వచ్చింది.

"మీ ఊళ్ళో జరగాల్సిన ఆట మా వల్ల ఇక్కడికొచ్చింది," అన్నాడు యూగ్. "ఆటగాళ్ళను ఇవ్వలేం. మా వాళ్ళు ఎలా ఆడతారో మీకు తెలుసు. అరవడం మాత్రం వచ్చు."

సొలాంజ్ గరిటె లాక్కుని రుచి చూసింది. "ఉప్పు తక్కువైంది," అని మొహం అటు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడలేదనుకుంది గానీ రొజే చూశాడు.

ఆట సంగతి ఎక్కువ చెప్పను, చెబితే ఇప్పటికీ కడుపు మండుతుంది. మిర్సాక్ మైదానం బల్లపరుపుగా ఉంటుంది, మావాళ్ళు వాలు మీద పెరిగినవాళ్ళు. అయినా పుయ్‌లార్ జనం అరుస్తుంటే పియెరిక్ మూల దాకా పరిగెత్తి ట్రై వేశాడు. ఈసారి సొంత వైపే. మిర్సాక్ కూడా ఒక ట్రై వేసింది. ఆఖరి ఈలకు పంతొమ్మిది, పంతొమ్మిది. అదనపు సమయంలో రెండు జట్లూ నిలబడలేక ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలిపోయారు తప్ప పాయింటు రాలేదు. ట్రైలు లెక్కపెట్టారు. చెరొకటి. రిఫరీ ఇద్దరు కెప్టెన్లనూ మధ్యకు పిలిచి, నియమం ప్రకారం పట్టికలో పైనున్న జట్టు గెలిచినట్టు అని చెప్పాడు.

ఆటలో ఓడితే ఓడామని ఏడవచ్చు. వీళ్ళు ఓడలేదు. సమానంగా కొట్టిన ఆటను ఆ కొట్టేసిన ఐదు పాయింట్లే తీసుకుపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఫాబియాన్ బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. గ్యాలరీలో కొదెర్క్ లేచి చప్పట్లు కొట్టాడు.

తరవాత రివాజు ప్రకారం మిర్సాక్ వాళ్ళ హాల్లో భోజనాలు. బల్లల మీద తెల్ల కాయితం పరిచి కంచాలు పెట్టారు. కొదెర్క్ గుమ్మంలో నిలబడి చేతులు చాచాడు.

"రండి సొలాంజ్ గారూ. ఆట ఆటే, భోజనం భోజనమే. మనసులో ఏం పెట్టుకోకండి."

"మా వాళ్ళు మీ బల్ల దగ్గర కూర్చోరు మొస్యే కొదెర్క్."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. మా వైపు ముక్కు పగిలినవాడు కూడా పగలగొట్టినవాడి పక్కనే కూర్చుని రొట్టె తుంచుకుంటాడు. వచ్చిన జట్టు భోజనానికి కూర్చోకపోవడం ఎవరూ కని విని ఎరగరు. సొలాంజ్ ఆయన్ను దాటుకుని తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది. మిర్సాక్ ఆడవాళ్ళు నలుగురు చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయారు.

"మీ మీద కోపం లేదమ్మా," అంది సొలాంజ్. "పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చెట్ల కింద వడ్డిస్తున్నాను. మీకిష్టమైతే గిన్నెలు తీసుకుని రండి."

కస్తెల్బజాన్ జట్టు మొత్తం గోనెసంచుల మీద, బండి అంచుల మీద, చెట్ల వేళ్ళ మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. కాసేపటికి హాలు వెనక తలుపు తెరుచుకుంది. మిర్సాక్ ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా గుండిగ పట్టుకుని వస్తున్నారు. వెనకే వాళ్ళ ముందు వరస ఆటగాడు, ఎద్దులాంటి మనిషి, ఖాళీ కంచం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా ఉందా అమ్మా?"

"వరసలో నిలబడు."

వాడు నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు వచ్చాడు. గెలిచిన జట్టంతా కంచాలతో చెట్ల దాకా నిలబడింది. ఫాబియాన్ రొట్టె కోసి ఇస్తున్నాడు. "పట్టికలో ఎవడు పైనో ఎవడు కిందో చూసుకుని నిలబడండ్రా, లేకపోతే కమిటీ వాళ్ళు సూప్ కూడా కొట్టేస్తారు," అంటే రెండు ఊళ్ళవాళ్ళూ నవ్వారు. ఐదు పాయింట్లు పోయిన తరవాత అతను సొలాంజ్ వైపు చూసి నవ్వింది అప్పుడే.

హాల్లో కొదెర్క్ ఒక్కడే మిగిలాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు, పరిచిన కంచాల మధ్య ఎవరికోసమో చూస్తున్నట్టు. చలి మొదలయ్యాక బయటికి వచ్చాడు. తిన్నగా పొయ్యి దగ్గరికి రాబోతే ఆ ఎద్దులాంటి ఆటగాడు, ఆయన జట్టువాడే, చెయ్యి అడ్డం పెట్టాడు.

"చివర్న నిలబడాలండి అధ్యక్షులవారూ."

నిలబడ్డాడు. ముందు పుయ్‌లార్ ముసలివాళ్ళు, వాళ్ళ ముందు పియెరిక్ మూడోసారి. ఎవరూ తొందరపడలేదు. ఆయన వంతు వచ్చేసరికి గుండిగ అడుగుకు చేరింది. సూప్ అడుగున ఉన్నదే అసలు రుచని తెలిసినవాళ్ళకు తెలుసు. సొలాంజ్ గుండిగ వంచి, గీకి, బాతు ముక్క కూడా చూసి గిన్నె నిండా పోసింది. కోపం మాత్రం తగ్గలేదు.

"తీసుకోండి," అంది. "మా ఊళ్ళో తక్కువపడ్డవాడికి ఇచ్చి పంపుతాం. ఇదీ చెప్పుకోండి కమిటీకి."

కొదెర్క్‌కు కూర్చోవడానికి చోటు దొరకలేదు. నిలబడే తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.